గంధరాజానికి చిగురు పసుపెక్కితే అన్నభేదా, చీలేటెడ్ ఐరనా?

బొబ్బిలి మిద్దెతోట: కుండీలో గంధరాజం. చిగురాకులు పసుపు, ఈనెలు మాత్రం ఆకుపచ్చ. ముదురాకులు బాగానే ఉన్నాయి. ఇనుము లోపమని మట్టిలో అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, ఇనుము ఉప్పు) వేసినా మార్పు లేదు. పోసేది బోరు నీళ్లే. చీలేటెడ్ ఐరన్ (తుప్పై పోకుండా వేరే పదార్థం పట్టి ఉంచే ఇనుము) కొనాల్సిందేనా?

నాగావళి గట్టు: దండగ ఖర్చండీ. వేరుశనగకి కొట్టే మందే చాలు. లీటరు నీటికి 1 గ్రాము నిమ్మఉప్పు, అది కరిగాక 5 గ్రాముల అన్నభేది. సాయంత్రం ఆకుల మీద పిచికారీ, వారం ఆగి మళ్లీ. ముందు ఒక కొమ్మకే కొట్టి చూడండి. అన్నభేది పలుకులు లేతాకుపచ్చగా ఉండాలి. గోధుమరంగు పొడి అంటగడితే కొనకండి, అది సగం తుప్పు.

వంశధార: పిచికారీతో ఉన్న ఆకు తేరుకుంటుంది, రేపొచ్చే చిగురు మళ్లీ పసుపే. ఇనుము పాతాకు నుంచి కొత్తాకుకి కదలదు కదా! వేరుకే అందాలి. మట్టి పీహెచ్ (పులుపు-క్షారం కొలత; 7 కన్నా తక్కువైతే పులుపు) 7 దాటితే అన్నభేది అక్కడే తుప్పై కూర్చుంటుంది. చీలేటెడ్‌లోనూ తేడాలున్నాయి. ఈడీటీఏ రకం 6.5 దాటితే ఇనుమును వదిలేస్తుంది, డీటీపీఏ 7.5 దాకా నిలుస్తుంది, ఈడీడీహెచ్ఏ 9లోనూ పనిచేస్తుంది. డబ్బా మీద చదవకుండా కొనొద్దు.

నాగావళి గట్టు: మన ఎర్రనేలల్లో 7 దాటుతుందా ఏటి? కొండల మీద పెరిగే బిక్కి చెట్టు కూడా గంధరాజంలాగే గార్డెనియా జాతే. దానికెవరు పోశారు ఈడీడీహెచ్ఏ?

వంశధార: బిక్కి ఈ గడ్డదే. గంధరాజం చైనా వైపు నుంచి వచ్చింది, దానికి 5-6.5 మధ్య పులుపు నేల కావాలి. మట్టి ఎర్రదే కావచ్చు, నీళ్ల మాటేమిటి? కుండీ అంచున తెల్లపొర ఉందేమో చూడండి. చెంచాడు పొడి మట్టి మీద వెనిగర్ వెయ్యండి, బుస్సుమని నురగొస్తే సున్నమే, పీహెచ్ 7 దాటినట్టే. నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు ఇది చెప్పదు. ప్రహరీ పక్కన నాటినవాటికీ ఇదే గతి, గోడ కట్టినప్పుడు రాలిన సిమెంటు పెళ్లలన్నీ వేళ్ల దగ్గరే ఉంటాయి.

రాజాం పూలతోట: వేరు చూడకుండా ఎరువు మీద కొట్లాటేమిటి? మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే ఇనుమున్నా వేరు పీల్చదు. కుండీ బోర్లించండి. వేరుకి బుడిపెలుంటే నులిపురుగు. గోధుమరంగై, లాగితే పైతొక్క ఊడొస్తే కుళ్లు. ఫ్లోరిడాలో ఈ నులిపురుగు బాధకే గంధరాజాన్ని గార్డెనియా థన్‌బెర్జియా అనే దాని బంధు మొక్క వేరు మీద అంటు కడతారు. వేరు బాగుంటే ఎర్రమట్టి, ఆకుల ఎరువు, కడిగిన కొబ్బరిపొట్టు సమంగా కలిపి మార్చండి. వాననీళ్లు పట్టి పోస్తే సగం రోగం పోతుంది.

నాగావళి గట్టు: వెనిగర్‌కి నురగొస్తే ఈడీడీహెచ్ఏ కొనుక్కోండి, కాదనను. రాకపోతే అన్నభేదే, అదీ ఆకు మీదే. కొట్టేముందు కుండీని గచ్చు మీంచి తీసేయండి, ఆ తుప్పు మరక ఓ పట్టాన వదలదు.