గుణుపూర్‌కి రైలు ఎలా వచ్చింది, అక్కడే ఎందుకు ఆగిపోయింది? పాత సంగతులు తెలిసినోళ్ళు చెప్పండి

కాశీనగర్ కుర్రాడు:
అందరికీ నమస్తే. మాది కాశీనగర్, అమ్మమ్మగారిది గుణుపూర్. మొన్న సంక్రాంతికెళ్ళి సాయంత్రం వంశధార ఒడ్డున కూర్చున్నప్పుడు ఈ డౌటొచ్చింది. మన లైను నౌపడలో మొదలై టెక్కలి, పాతపట్నం దాకా ఆంధ్రాలోనే ఉంటది, పర్లాకిమిడి నుంచి ఒడిశా, గుణుపూర్ వచ్చేసరికి పట్టాలే అయిపోతాయి. ఏటి దీని కథ? పక్కన రాయగడ అంత పెద్ద ఊరైపోయింది కదా, మనది ఎందుకు ఎదగలేదు? ఇంట్లో అడిగితే "రాజుగారి బండి" అంటారు, అంతకుమించి ఎవరికీ తెలీదు.

పాతపట్నం మేస్టారు:
వాళ్ళన్నది నిజమే బాబూ. మద్రాసు-కలకత్తా పెద్ద లైను 1890ల్లో నౌపడ మీదుగా పోయింది, పర్లాకిమిడికేమో అది 40 కిలోమీటర్ల దూరం. అప్పటి రాజా గౌరచంద్ర గజపతి సంస్థానం డబ్బుతో, సుమారు 7 లక్షల ఖర్చుతో, పట్టాల మధ్య రెండున్నర అడుగులే ఉండే చిన్న గేజి లైను వేయించారు. 1898లో పని మొదలెట్టి 1900 ఏప్రిల్ 1న బండి నడిపేశారు. మొదటి పదేళ్ళూ నష్టాలే, ఆ తర్వాతే మెల్లగా నాలుగు డబ్బులు కనపడ్డాయి, అయినా ఆపలేదు చూడు, అది నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. 1929లో కొంత, 1931లో మిగతాది వేసి గుణుపూర్ చేర్చారు, మొత్తం 90 కిలోమీటర్లు.

ఇక రాయగడ సంగతి. అదే 1931లో విజయనగరం-రాయపూర్ పెద్ద లైను పూర్తయింది, రాయగడ దాని మధ్యలో పడింది. రెండు పక్కలకీ సరుకు పోయే ఊరు వేరు, బండి వచ్చి ఇంజను తిప్పుకుని వెనక్కి పోయే ఊరు వేరు. తర్వాత పేపరు మిల్లు అక్కడికే వచ్చింది, 1992లో జిల్లా చేసినప్పుడు హెడ్‌క్వార్టరూ అక్కడే పెట్టారు. నన్నడిగితే తేడా అంతా ఆ పట్టాల దగ్గరే మొదలైంది.

గుణుపూర్ ఆడపడుచు:
మేస్టారూ లెక్కలన్నీ చెప్పారు, నేను మా నాయనమ్మ చెప్పింది చెప్తాను. సంత రోజు కొండల మీంచి సవర గిరిజనులు చింతపండు, పసుపు, కొండచీపుర్లు కావిళ్ళతో దింపీవారంట, షావుకార్లు కొని చిన్నబండికి ఎక్కించీవారు, అదే బండికి నౌపడ ఉప్పు బస్తాలు వచ్చీవి. మాకు ఉప్పు రైలు మీదొస్తాదని చిన్నప్పుడు నిజంగా అనుకునేదాన్ని. ఏరు కూడా మాకు అన్నం పెట్టింది కానీ 1980 సెప్టెంబరులో వరదొచ్చినప్పుడు మాత్రం ఊరిని ముంచేసింది, ఆ రాత్రి గురించి మాట్లాడితే నాయనమ్మ ఇప్పటికీ కళ్ళు తుడుచుకుంటాది. 2004 జూన్‌లో చిన్నబండి ఆపేశారు, పెద్ద గేజి అయ్యి మళ్ళీ రైలు రావడానికి 2011 జులై అయ్యింది, ఆ ఏడేళ్ళూ బస్సులే, జీపులే, పురుడుకి పర్లాకిమిడి తీసుకెళ్ళాలన్నా అదే గతి.

వంశధార తీరం:
ఒక్క ముక్క కలుపుతాను. రైలొచ్చిన ఐదేళ్ళకే 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైంది, లైను రెండు ముక్కలైంది, చుట్టాలూ అంతే. సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి పంతులు గారు అన్నేళ్ళు ఉన్న పర్లాకిమిడిని అప్పుడే వదిలేసి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన పుట్టిందీ ఈ వంశధార ఒడ్డునే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. ఇప్పటికీ మనం ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, బండి దిగితే టెక్కలి మాట.

ఇంకో మాట తమ్ముడూ, ఆగిపోయిందన్నావు కదా, 2024 ఆగస్టులో గుణుపూర్-తెరువలి లైనుకి కేంద్ర కేబినెట్ ఓకే చెప్పింది, 73 కిలోమీటర్ల పైచిలుకు. అది పడితే రాయగడ లైనులో కలిసిపోతాం.

కాశీనగర్ కుర్రాడు:
అందరికీ చాలా థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. అక్కా, మీ నాయనమ్మగారు ఒప్పుకుంటే వరద సంగతి, ఉప్పు బస్తాల సంగతి ఫోనులో రికార్డు చేసి పెట్టండి. వచ్చే నెల నేనూ మా అమ్మమ్మని కూర్చోబెట్టి అడుగుతాను. చిన్నబండి టికెట్లు గానీ ఫొటోలు గానీ ఎవరింట్లో ఉన్నా ఇక్కడ పెట్టండి.