బేస్ క్లాస్‌ని మూసేయాలా, తెరిచి ఉంచాలా?

బిల్లుబాబు:
మా ఆఫీసులో బిల్లులు తయారుచేసే జావా బేస్ క్లాస్ ఒకటుంది. నాలుగు టీములు దాన్ని ఎక్స్‌టెండ్ చేసి (అంటే దాని మీద తమ సబ్‌క్లాస్ కట్టుకుని), ఎవరికి కావలసిన మెథడ్‌ని వాళ్లు ఓవర్‌రైడ్ చేసుకున్నారు (తమ కోడ్‌తో మార్చుకున్నారు). పోయిన రిలీజులో బేస్‌లోని ఒక మెథడ్ లోపల కాస్త సర్దారు. బేస్ టెస్టులన్నీ పాసయ్యాయి. తీరా చూస్తే ఒక టీము బిల్లుల్లో పన్ను రెండుసార్లు పడింది. ఇక ఎవరూ ఎక్స్‌టెండ్, ఓవర్‌రైడ్ చేయకుండా అన్నిటికీ ఫైనల్ పెట్టేద్దామని మా లీడ్ అంటున్నారు. కోట్లిన్‌లో ఓపెన్ అని రాస్తే తప్ప క్లాసుని ఎక్స్‌టెండ్ చేయలేం కదా, మనమూ అలాగే ఉందామని ఆయన వాదన. నాకిది అతి అనిపిస్తోంది. మీరేమంటారు?

సెమికోలన్:
మీ లీడ్ చెప్పిందే కరెక్ట్. సీ షార్ప్‌లో కూడా బేస్‌లో వర్చువల్ అని లేకపోతే ఓవర్‌రైడ్ కుదరదు. అంతెందుకు, జావా స్ట్రింగ్ క్లాసే ఫైనల్. దానివల్ల ఎవరు బాధపడ్డారు? ఓవర్‌రైడ్ చేయనిచ్చిన ప్రతి మెథడూ మనం ఏళ్ల తరబడి మోయాల్సిన హామీ.

రాత్రిబిల్డ్:
ఎవరు బాధపడ్డారా? కోట్లిన్‌లో స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్ వాడినవాళ్లని అడుగు బ్రో. ట్రాన్సాక్షన్ల లాంటి పనులకి స్ప్రింగ్ మన క్లాసుకి రన్‌టైమ్‌లో ఒక సబ్‌క్లాస్ పుట్టిస్తుంది. క్లాస్ ఫైనల్ అయితే అది కుదరదు. చివరికి అలాంటి క్లాసుల్ని ఓపెన్ చేయడానికే కోట్లిన్ వాళ్లు ఒక కంపైలర్ ప్లగిన్ ఇవ్వాల్సి వచ్చింది. ఇంకోటి: లైబ్రరీలో బగ్ ఉంది, ప్యాచ్ ఎప్పుడొస్తుందో తెలీదు. ఓవర్‌రైడ్ వీలుంటే ఆ రాత్రికి గండం గట్టెక్కుతాం. ఫైనల్ అయితే క్లాస్ మొత్తం కాపీ కొట్టుకోవడమే. తర్వాత ఆ కాపీకి దిక్కెవరు?

పాతకాపు:
మీరిద్దరూ కీవర్డ్ దగ్గరే కొట్టుకుంటున్నారు. బిల్లుబాబు గారి బగ్ వేరే చోట ఉంది. బేస్ తన మెథడ్‌లలో వేటిని తానే లోపల పిలుచుకుంటోందో బయటివాళ్లకి తెలీదు.

జావాలో హ్యాష్‌సెట్ అనే కలెక్షన్ క్లాస్‌ని ఎక్స్‌టెండ్ చేసి, యాడ్, యాడ్‌ఆల్ రెండింటిలోనూ ఎన్ని ఐటమ్‌లు వేశారో ఆ లెక్క పెంచి, ఆపైన సూపర్‌ని (బేస్‌లోని అసలు మెథడ్‌ని) పిలవండి. యాడ్‌ఆల్‌తో 3 ఐటమ్‌లు వేస్తే లెక్క 6 చూపిస్తుంది. యాడ్‌ఆల్ లోపల ఒక్కోదానికీ మళ్లీ యాడ్‌నే పిలుస్తుంది, ఆ పిలుపు మీ యాడ్‌కే వస్తుంది. మీ పన్నుదీ ఇదే కథ అయ్యుంటుంది.

పైథాన్‌లో సరిగ్గా తిరగేసి ఉంటుంది. డిక్ట్‌ని (కీ-విలువ జతల క్లాస్) ఎక్స్‌టెండ్ చేసి, ఒక విలువ పెట్టే సెట్‌ఐటమ్‌ని ఓవర్‌రైడ్ చేస్తే, చాలా విలువలు ఒకేసారి పెట్టే అప్‌డేట్ దాన్ని పట్టించుకోనే పట్టించుకోదు. మీ కోడ్ మీదుగా వెళ్లాలంటే కలెక్షన్స్‌లోని యూజర్‌డిక్ట్‌ని ఎక్స్‌టెండ్ చేయాలి. ఒకచోట పిలుస్తుంది, ఇంకోచోట పిలవదు. మెథడ్ పేరు చూసి ఊహించగలరా?

అందుకని, బయటివాళ్లు పిలిచే మెథడ్‌కి ఫైనల్ పెట్టండి. మార్చుకోదగ్గ చోట్ల చిన్న చిన్న ప్రొటెక్టెడ్ మెథడ్‌లు ఇవ్వండి. వాటిని ఏ వరుసలో, ఎన్నిసార్లు పిలుస్తారో డాక్‌లో రాయండి. సర్వ్‌లెట్లలో (వెబ్ రిక్వెస్టులకి జవాబిచ్చే జావా క్లాసులు) మనం చేసేది ఇంచుమించు ఇదేగా: సర్వీస్ మెథడ్ రిక్వెస్టుని చూసి డూగెట్‌కో డూపోస్ట్‌కో పంపుతుంది, మనం వాటినే రాసుకుంటాం.

సెమికోలన్:
అంటే ఫైనల్ పెట్టమనేగా పెద్దాయనా!

రాత్రిబిల్డ్:
ఎక్కడెక్కడ మార్చుకోవాల్సొస్తుందో బేస్ రాసేవాడికి ముందే తెలుసా? నేను చూసిన ఏ బేస్ క్లాస్‌లోనూ నాకు కావలసిన చోట హుక్ (అలా మార్చుకోనిచ్చే మెథడ్) లేదు.

పాతకాపు:
తెలీదు. అడిగినప్పుడు కొత్త హుక్ తెరవొచ్చు. నలుగురు వాడుతున్నదాన్ని మూయడమే కష్టం. బయటి లైబ్రరీ అయితే నీ మాటకి బలముంది, అడిగినా వినేవాళ్లుండరు. ఇక్కడ నాలుగు టీములూ ఒకే ఆఫీసు.

బిల్లుబాబు:
నాలుగే కాబట్టి సీల్డ్ క్లాస్ (పేరు రాసినవాళ్లే ఎక్స్‌టెండ్ చేయగలిగేది) చేసి, పర్మిట్స్‌లో ఆ నాలుగింటినీ రాస్తే? మేం జావా 17లోనే ఉన్నాం.

సెమికోలన్:
పర్మిట్స్‌లో రాసే సబ్‌క్లాసులు అదే మాడ్యూల్‌లో ఉండాలి, మాడ్యూల్స్ వాడకపోతే అదే ప్యాకేజీలో. మీవి ఎక్కడున్నాయి?

బిల్లుబాబు:
ఒక్కోటి ఒక్కో రిపోలో (విడివిడి కోడ్ ప్రాజెక్టుల్లో). అయితే అది కుదరదు. పన్ను లెక్కని బేస్‌లోంచి తీసి ఇంటర్‌ఫేస్ చేసి, కన్‌స్ట్రక్టర్‌లో (ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడే) అందిస్తే ఓవర్‌రైడ్ గొడవే ఉండదేమో. సోమవారం లీడ్‌కి చూపిస్తా. మిగతా మెథడ్‌లని ఎవరెవరు ఓవర్‌రైడ్ చేశారో ముందు నాలుగు రిపోల్లోనూ వెతకాలి.

రాత్రిబిల్డ్:
టెస్ట్ ఫోల్డర్లలో కూడా వెతుకు. మాక్ (టెస్టులో వాడే నకిలీ) కోసం ఎక్స్‌టెండ్ చేసినవి అక్కడే దాక్కుంటాయి.