సంక్రాంతి హాల్ అలంకరణ, పిల్లల వేషాలు – శనివారం లోపు తేలాలి
(ఇంగ్లండ్‌లోని మన తెలుగువాళ్ళ గ్రూప్ మెసేజ్‌లు; స్లౌ, బ్రాక్‌నెల్, రెడింగ్, మెయిడెన్‌హెడ్ రాసినవాళ్ళ ఊళ్ళు)

స్లౌ అక్క, సోమవారం రాత్రి 9:10
ఇంక ఐదు రోజులే ఉంది, అందుకే అంతా ఒకచోట రాసేస్తున్నా. కాగితం మామిడాకుల తోరణాలు 6, బంతిపూల దండలు 20, స్టేజి వెనక గోడ నిండా గాలిపటాలు, గుమ్మం దగ్గర ముగ్గు, గొబ్బెమ్మలు, పిల్లల వేషాలు 14. అందులో హరిదాసులు ఐదుగురు, గంగిరెద్దులు రెండు. లండన్‌లో మన ఇండియన్ షాపులుండే సౌతాల్ వైపు వెళ్ళేవాళ్ళకి రేగుపళ్ళు కనబడితే ఒక కిలో పట్టుకురండి, భోగిపళ్ళకి కావాలి. ఎవరు ఏది తీసుకుంటారో రేపు రాత్రికల్లా చెప్పండి.

బ్రాక్‌నెల్, సోమవారం రాత్రి 9:42
బంతిపూలు నేను మొదలుపెట్టేశా అక్కా. చేసేవాళ్ళ కోసం రాస్తున్నా: నారింజ, పసుపు టిష్యూ కాగితాలు ఎనిమిది పొరలు పేర్చి, విసనకర్రలా మడతలు వేసి, నడుమ దారంతో బిగించి కట్టాలి. రెండు చివర్లూ గుండ్రంగా కత్తిరించి, ఒక్కో పొరనీ మధ్యలోకి మెల్లగా లేపాలి. తొందరపడితే చిరిగిపోతుంది. మొదటి నాలుగూ పాడయ్యాయి, ఐదోదానికి చెయ్యి తిరిగింది. మామిడాకులకి పచ్చ కాగితం నిలువుగా మడిచి సగం ఆకు కోస్తే విప్పినప్పుడు మధ్య ఈనె దానంతటదే వస్తుంది.

రెడింగ్ అన్న, మంగళవారం సాయంత్రం 6:05
హాల్ వాళ్ళ దగ్గర్నుంచి ఇప్పుడే మెయిల్ వచ్చింది. గోడలకి కొత్తగా రంగు వేయించారట, టేపు, పిన్ను, బ్లూటాక్ (గోడకి అంటించే జిగురుముద్ద) ఏదీ వాడకూడదు. బ్యాడ్మింటన్ నేల కాబట్టి ముగ్గుపిండి, రంగులు, నీళ్ళు వద్దు. నిప్పు అసలే వద్దు, దీపం కూడా. ఎక్కడ మరక కనబడినా 200 పౌండ్ల డిపాజిట్ తిరిగి ఇవ్వరు.

స్లౌ అక్క, 6:20
ఇప్పుడా చెప్పేది? నవంబర్‌లో బుక్ చేసినప్పుడే అడగాల్సింది కదా అన్నయ్యా. పిల్లలూ నేనూ రెండు రాత్రులు కూర్చుని 34 గాలిపటాలు కోశాం, అవన్నీ ఎక్కడ పెట్టాలి? గోడ లేకుండా అలంకరణ ఏంటి?

రెడింగ్ అన్న, 6:31
మూడు చోట్ల కాదన్నాక దొరికిన హాల్ ఇది, చెల్లెమ్మా. ఆఫీసు మధ్యలో ఫోన్లు చేసింది నేను, డిపాజిట్ కట్టింది కూడా నేనే. చూడ్డానికి రమ్మంటే అప్పుడు ఒక్కరూ రాలేదు. తప్పంతా నాదే అనుకుంటే తాళాలు ఎవరైనా తీసుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

బ్రాక్‌నెల్, 6:50
ప్లీజ్, ఇప్పుడు గొడవ వద్దు. మా వాడు హరిదాసు అవుతానని వారం నుంచి పాట నేర్చుకుంటున్నాడు. నాకూ టెన్షన్‌గానే ఉంది.

మెయిడెన్‌హెడ్ బాబాయ్, రాత్రి 8:15
ఇద్దరూ కాస్త ఆగండమ్మా. మన ఊళ్ళో పందిరికి గోడ ఉంటుందా? నాలుగు కర్రలు పాతి పైన తాడు కట్టేవాళ్ళం, అంతే కదా. హాల్ మధ్యలో పందిరే వేద్దాం. మా తోటలో చిక్కుడుకి కొన్న వెదురుకర్రలు ఎనిమిదడుగులవి ఉన్నాయి. నేల తవ్వలేం కాబట్టి పెయింట్ బకెట్లలో నిలబెడదాం, ఒక్కోదానికి పిల్లలు ఆడుకునే ఇసుక 15 కిలోల బస్తా పోస్తే కదలదు. పైన నలుచదరంగా నాలుగు కర్రలు బిగిద్దాం, తోరణాలూ గాలిపటాలూ అన్నీ వాటికే. ఇంటి వెనక ఒకటి నిలబెట్టి చూశాను, గాలికి కూడా ఊగలేదు.

రెడింగ్ అన్న, 8:40
ఇది బాగుంది బాబాయ్ గారూ. హాల్ వాళ్ళకి ఫోన్ చేశా. నేల మీద గీతలు పడకుండా కింద ఏదైనా వేస్తే వాళ్ళకి సరేనట.

స్లౌ అక్క, 9:05
అన్నయ్యా, సాయంత్రం కోపంలో అనేశాను. మూడు హాళ్ళు కాదన్న సంగతి నాకు నిజంగా తెలీదు. బకెట్ల కింద వెయ్యడానికి పాత కార్పెట్ ముక్కలు నా దగ్గరున్నాయి.

బ్రాక్‌నెల్, బుధవారం రాత్రి 10:12
ముగ్గు సంగతి. నల్ల దుప్పటి మీద సుద్దముక్కతో వేసి చూశా, దులిపితే పోతోంది. నల్ల చార్టులు వెనక వైపు టేపుతో కలిపి, తెల్ల పెయింట్ పెన్నుతో 15 చుక్కలు, సందు చుక్క 8 వరకు పెట్టి వేస్తున్నా. చుట్టి తెచ్చి స్టేజి ముందు బల్ల మీద పరుద్దాం, నేల మీదైతే పిల్లలు జారిపోతారు. గొబ్బెమ్మలు గోధుమరంగు ప్లేడోతో (పిల్లలు బొమ్మలు చేసే మెత్తటి ముద్ద) చేశాం, పైన గుమ్మడిపూలు పసుపు కాగితంవి.

స్లౌ అక్క, బుధవారం 10:30
వేషాల గురించి ఒక్క మాట, దీన్ని దయచేసి అందరూ పాటించండి. దూది గడ్డాలు వద్దు. దూది ఇట్టే అంటుకుంటుంది. హాల్లో దీపం లేకపోవచ్చు, కానీ పిల్లలు అదే వేషంతో ఇంటికొచ్చి దేవుడి దగ్గర నిలబడతారు. హరిదాసుకి గడ్డం ఎందుకు? తలపాగా, నామం, మెళ్ళో దండ, చేతిలో చిడతలు, నెత్తిన అక్షయపాత్ర ఉంటే చాలు. పాత్రకి బెలూన్ మీద న్యూస్‌పేపర్ ముక్కలు మైదా జిగురుతో నాలుగు పొరలు అంటించి, రెండు రోజులు ఆరనిచ్చి రాగిరంగు వెయ్యండి, బెలూన్ పగలగొట్టి తీసేస్తే తేలిగ్గా ఉంటుంది. ఈ రాత్రే అంటిస్తేగానీ శనివారానికి ఆరదు.
గంగిరెద్దు మా ఇంట్లో తయారవుతోంది. పార్సిల్ పెట్టె అడుగూ పైభాగమూ కోసేసి, భుజాలకి పాత చున్నీ పట్టీలు కుట్టాను. వీపు మీద అమ్మ పట్టుచీర జరీ అంచు, మూపురానికి ఉన్ని టోపీలో చిరుగుబట్టలు కుక్కి పెట్టాం. కొమ్ములకి న్యూస్‌పేపర్ చుట్టలు, కొసలకి ఎర్ర ఉన్ని కుచ్చులు. మెడలో మువ్వలు కట్టాక మా పాప ఇల్లంతా తిరుగుతూనే ఉంది, విప్పనివ్వట్లేదు. రెండోది చెయ్యడానికి పెద్ద పెట్టె ఎవరి దగ్గరైనా ఉందా?

రెడింగ్ అన్న, గురువారం ఉదయం 7:50
మా వాషింగ్ మెషీన్ వచ్చిన పెట్టె ఉంది, సాయంత్రం తెచ్చిస్తా. భోగిమంటకి నారింజ టిష్యూలో బ్యాటరీ లైట్లు పెట్టి చుట్టూ నాలుగు ఎండుకొమ్మలు పేరుస్తా, చీకటి చేస్తే పిల్లలకి బాగుంటుంది.

మెయిడెన్‌హెడ్ బాబాయ్, శుక్రవారం రాత్రి 9:20
కర్రలు కారులో ముందు సీటు వాల్చితే పట్టాయి. దండలు ఎన్నయ్యాయో అన్నీ తెచ్చెయ్యండి, పందిరికి సరిపెడదాం. పొద్దున 10కి నాకు ఇద్దరు మనుషులు కావాలి.

రెడింగ్ అన్న, 9:24
9:45కే తలుపు తీసి ఉంచుతా బాబాయ్ గారూ.

స్లౌ అక్క, 9:31
దండలు తొమ్మిదయ్యాయి. రేగుపళ్ళు దొరకలేదు, క్రాన్‌బెర్రీలు తీసుకున్నా. ముగ్గురికీ ఇడ్లీ తెస్తున్నా, ఇంట్లో తినకుండా రండి.