ఫిజియో, కౌన్సెలర్ మధ్య ఏం పంచుకోవచ్చు?

గుంటూరులో కాలేజీ కబడ్డీ జట్టుకు ఫిజియోని. ఒకమ్మాయికి ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) సర్జరీ అయి 9 నెలలు. ఒంటికాలి గెంతు పరీక్షలో రెండో కాలితో పోలిస్తే 92 శాతం, వాపు లేదు. అయినా రెయిడ్‌లో ఎడమ కాలి మీద బరువేసి తిరగదు. మళ్లీ ఆడటానికి మనసు ఎంత సిద్ధంగా ఉందో కొలిచే ఏసీఎల్-ఆర్‌ఎస్‌ఐలో 100కి 41 (ఎక్కువుంటే మంచిది). డిప్రెషన్ లక్షణాలు చూసే ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9లో 27కి 12 (మధ్యస్థం), ఆత్మహత్య ఆలోచనలు అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా, కాబట్టి అప్పటికప్పుడు పంపాల్సిన కేసు కాదు.

కౌన్సెలర్ దగ్గరికి పంపాం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం వివరాలు గోప్యం, అది సబబే. వివరాలు నాతో పంచుకోడానికి అమ్మాయి రాతపూర్వక సమ్మతి ఇచ్చింది, కోచ్‌కి వద్దంది. కౌన్సెలర్‌కి ఫోన్ చేస్తే "పర్లేదు, మెరుగే" తప్ప ఏమీ రాదు. దాన్ని బట్టి ట్యాకిల్ డ్రిల్ ఎప్పుడు మొదలెట్టాలో తేలదు. ఉమ్మడి మీటింగ్ పెడితే కోచ్ కూడా వచ్చి కూర్చున్నారు, ఇంకేముంది, అమ్మాయి నోరు మెదపలేదు.

సెషన్‌లో చెప్పుకున్నవి నాకక్కర్లేదు. వారం వారం ఇద్దరం మార్చుకునే ఒక పేజీ ఫారంలో, గోప్యత చెడకుండా ప్రాక్టీసుకు పనికొచ్చేలా, మీరైతే ఏయే అంశాలు పెడతారు?