పైనున్న ల్యాప్‌టాప్‌కు కింది ప్రింటర్ కనిపించదు: రెండు రౌటర్లను ఒకే నెట్‌వర్క్‌గా కలపడం ఎలా?

శుభలేఖల_షాపు (ఖమ్మం):

మాది కింద జిరాక్స్, శుభలేఖల షాపు, రెండో అంతస్తులో ఇల్లు. ఫైబర్ కనెక్షన్ షాపులోకే వచ్చింది. వాళ్లిచ్చిన రౌటర్ అడ్రస్ 192.168.1.1. షాపు కంప్యూటర్ దానికి వైరుతో, కలర్ ప్రింటర్ వైఫైతో ఉన్నాయి. పైకి సిగ్నల్ అందక ఇంకో రౌటర్ మేమే కొన్నాం. కింది రౌటర్ ల్యాన్ పోర్ట్ (లోపలి కంప్యూటర్లు కలిపేది) నుంచి గోడ మీదుగా కేబుల్ లాగి, పై రౌటర్ నీలం పోర్ట్‌లో పెట్టాం. దాని అడ్రస్ 192.168.0.1. రెండు చోట్లా నెట్ బ్రహ్మాండంగా వస్తోంది.

చిక్కు ఎక్కడంటే, కార్డుల డిజైన్ మా ఆయన పైన ల్యాప్‌టాప్‌లో చేస్తాడు, ప్రింట్ కింద తీయాలి. పైనుంచి ప్రింటర్ వెతికితే జాబితాలో రాదు. అదే బ్రౌజర్‌లో 192.168.1.35 అని కొడితే మాత్రం ప్రింటర్ పేజీ తెరుచుకుంటోంది! షాపు కంప్యూటర్ నుంచి ఆయన ల్యాప్‌టాప్‌కు (192.168.0.104) పింగ్ (అందుతోందా అని చూసే చిన్న పలకరింపు) కొడితే జవాబే లేదు. ఇంట్లో కెమెరాల రికార్డర్ పై రౌటర్‌కే ఉంది, అది కూడా షాపులో కనిపించదు. "నెట్ వస్తోంది కదా మేడమ్" అని కేబుల్ లాగిన అబ్బాయి చేతులు దులుపుకున్నాడు. లగ్గాల సీజన్, పెన్‌డ్రైవ్ పట్టుకుని రోజంతా మెట్లు ఎక్కి దిగడమే సరిపోతోంది. ఏం చేయాలి?

ల్యాబ్_సార్ (గుంటూరు):

అమ్మా, ప్రింటర్ పేజీ తెరుచుకుంటోందన్న ఒక్క మాటతో సగం పని తేలిపోయింది. మీ కేబుల్‌లో లోపం లేదు, రౌటర్లలోనూ లేదు. పై రౌటర్ తన పని తాను చేస్తోంది, ఆ పని మీకు అక్కర్లేదు, అంతే.

కేబుల్ నీలం పోర్ట్‌లో, అంటే వ్యాన్ పోర్ట్‌లో పెట్టారు. దాంతో పై రౌటర్ మీ షాపు మొత్తాన్నీ బయటి ఇంటర్నెట్ అనుకుంటోంది. లోపలివాళ్లు బయటికి వెళ్లొచ్చు, బయటివాళ్లు పిలవకుండా లోపలికి రాకూడదు. లోపలి వైపు మాత్రమే గడియ ఉన్న తలుపన్నమాట. అందుకే పైనుంచి ప్రింటర్ అడ్రస్ కొడితే వెళ్తోంది, కింద నుంచి ల్యాప్‌టాప్‌ను పిలిస్తే ఆగిపోతోంది. మరి జాబితాలో ప్రింటర్ ఎందుకు రాదంటే, ల్యాప్‌టాప్ "ఇక్కడ ప్రింటర్లు ఎవరైనా ఉన్నారా" అని తన నెట్‌వర్క్ అంతటికీ ఒక కేక వేస్తుంది. ఆ కేక రౌటర్ దాటి అవతలికి వెళ్లదు.

కాబట్టి పైదాన్ని రౌటర్ పని మాన్పించి, ఉత్త వైఫై డబ్బాగా మార్చాలి. ముందు దాని మెనూలో "యాక్సెస్ పాయింట్ మోడ్" ఉందేమో చూడండి. ఉంటే అది ఎంచుకుని రీస్టార్ట్ చేస్తే చాలు, కేబుల్ నీలం పోర్ట్‌లోనే ఉంచొచ్చు.

లేకపోతే చేత్తో చేయాలి. ఇందులో వరస ముఖ్యం. కింది నుంచి వచ్చే కేబుల్‌ను ముందు పీకేయండి. అది ఉండగా అడ్రస్ మారిస్తే నీలం పోర్ట్ వైపూ, ల్యాన్ వైపూ ఒకే వరస అడ్రస్‌లు పడి కొన్ని రౌటర్లు ఒప్పుకోవు. ఆ తర్వాత ల్యాప్‌టాప్‌ను పై రౌటర్ మామూలు ల్యాన్ పోర్ట్‌కు వైరుతో కలిపి 192.168.0.1లోకి వెళ్లి, దాని ల్యాన్ అడ్రస్‌ను 192.168.1.250 చేయండి. రీస్టార్ట్ అవుతుంది. కొత్త అడ్రస్‌తో మళ్లీ లోపలికి వెళ్లి డీహెచ్‌సీపీ సర్వర్, అంటే పరికరాలకు అడ్రస్‌లు పంచేది, ఆఫ్ చేయండి. ఇది ముందే ఆఫ్ చేస్తే మీ ల్యాప్‌టాప్‌కు అడ్రస్ ఇచ్చే దిక్కు ఉండదు, చేత్తో వేసుకోవాల్సి వస్తుంది. చివరగా కింది కేబుల్ తెచ్చి పై రౌటర్ ల్యాన్ పోర్ట్‌లలో ఒకదానిలో పెట్టండి. నీలం పోర్ట్ ఖాళీగా వదిలేయండి, ఏదో ఒకటి పెట్టాలని మనసు లాగుతుంది, పెట్టొద్దు.

ఇంకొకటి. కింది రౌటర్ అడ్రస్‌లు పంచే పరిధి 254 దాకా ఉంటే 200కి తగ్గించండి. లేదంటే ఏదో ఒక రోజు ఎవరి ఫోన్‌కో 250 ఇచ్చి కూర్చుంటుంది. అక్కడే ప్రింటర్‌కు 35 అడ్రస్‌ను రిజర్వ్ కూడా చేసేయండి.

మెష్_ప్రియుడు:

ఇంత తంటా ఎందుకు అక్కా, మెష్ సెట్ (ఇల్లంతా ఒకే వైఫైగా పనిచేసే డబ్బాల జత) కొనేయండి. అరగంటలో అయిపోతుంది.

శుభలేఖల_షాపు:

తమ్ముడూ, ఉన్న రెండు డబ్బాలతో పని అయితే మూడోది ఎందుకు? ఆ డబ్బుతో కార్డుల స్టాక్ వస్తుంది.

కేబుల్_పని (విజయవాడ):

మెష్ పెట్టినా దాన్ని రౌటర్ మోడ్‌లో వదిలేస్తే ఇదే గొడవ మళ్లీ వస్తుంది. సార్ చెప్పిందే చేయండి. నేను కేబుల్ సంగతి ఒక్కటి చెప్తాను. రెండు కొసల్లో కనెక్టర్ చూడండి, అది పారదర్శకంగా ఉంటుంది కాబట్టి లోపలి తీగలు కనిపిస్తాయి. ఎనిమిదీ ఉన్నాయా, నాలుగే కలిపారా? నాలుగు తీగలతో 100 ఎంబీపీఎస్ మించదు. నెట్ చూడటానికి అది చాలు, అందుకే ఎవరికీ తేడా తెలియదు. కానీ 400 ఎంబీ డిజైన్ ఫైల్ కింది నుంచి తెరవాలంటే అర నిమిషం పైనే పడుతుంది. ఎనిమిదీ కలిపి, రెండు పక్కలా గిగాబిట్ పోర్టులు ఉంటే ఐదారు సెకన్ల పని. రెండు అంతస్తులే కాబట్టి పొడవు గురించి టెన్షన్ అక్కర్లేదు, 100 మీటర్ల దాకా పోతుంది. బయటి గోడ మీద ఎండ తగిలేచోట మాత్రం పైపులో వేయించండి, ఇళ్లలో వాడే మామూలు కేబుల్ తొడుగు ఎండకు పగిలిపోతుంది.

వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండింటికీ ఒకటే పెట్టుకోవచ్చు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఛానెల్ మాత్రం కింద 1, పైన 6 లేదా 11 పెట్టండి. అప్పుడు ఒకదాని మీద ఒకటి పడవు.

రాత్రి_డ్యూటీ:

అందరూ కలపడం గురించే చెప్తున్నారు. అక్కా, షాపుకు వచ్చినవాళ్లకు ప్రింట్ పంపడానికి వైఫై పాస్‌వర్డ్ చెప్తుంటారు కదా? ఇప్పటిదాకా ఆ గడియే మీ ఇంటిని కాపాడింది. రెండూ కలిపాక, కౌంటర్ దగ్గర పాస్‌వర్డ్ తీసుకున్న ప్రతి ఫోనూ మీ ఆయన ల్యాప్‌టాప్, కెమెరాల రికార్డర్ ఉన్న నెట్‌వర్క్‌లోనే ఉంటుంది. కింది రౌటర్‌లో గెస్ట్ వైఫై ఆన్ చేసి, లోపలి నెట్‌వర్క్ అందకుండా పెట్టి, కస్టమర్లకు అదే చెప్పండి. ఫైళ్లు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో పంపుతారు, వాళ్లకు నెట్ ఉంటే చాలు. అసలు పాస్‌వర్డ్ మార్చేయండి, పాతది ఇప్పటికే ఊళ్లో సగం మంది ఫోన్లలో ఉండి ఉంటుంది.

ల్యాబ్_సార్:

ఇది నేను చెప్పాల్సిన మాటే. గెస్ట్ మాత్రం కింది రౌటర్‌లోనే పెట్టండి. పైది యాక్సెస్ పాయింట్ అయ్యాక దానిలో గెస్ట్ పెడితే, కొన్ని మోడళ్లలో వాళ్లు నేరుగా ఇంటి నెట్‌వర్క్‌లోకే వస్తారు.

శుభలేఖల_షాపు:

నిన్న షాపు మూసేశాక కూర్చున్నాం. మా రౌటర్‌లో ఆ మోడ్ లేదు, సార్ చెప్పిన వరసలోనే చేశాం. ల్యాప్‌టాప్‌కు ఇప్పుడు 192.168.1.47 వచ్చింది, ప్రింటర్ జాబితాలో కనిపించింది, పైనుంచి కొట్టిన కార్డు కింద వచ్చింది! కస్టమర్లకు గెస్ట్ వైఫై పెట్టి, దాని పాస్‌వర్డ్ గోడ మీద అతికించాం. కేబుల్‌లో ఎనిమిది తీగలూ ఉన్నాయి.

రెండు మిగిలాయి. షాపు కంప్యూటర్ నుంచి ల్యాప్‌టాప్ ఫోల్డర్ ఇంకా తెరుచుకోవట్లేదు. రెండోది, కెమెరాల రికార్డర్ ఇప్పుడు పైన కూడా కనిపించట్లేదు, ఇంతకుముందు ఫోన్‌లో వచ్చేది.

ల్యాబ్_సార్:

మొదటిది విండోస్ పని. ల్యాప్‌టాప్ దీన్ని కొత్త నెట్‌వర్క్ అనుకుని "పబ్లిక్"లో పెట్టి ఉంటుంది. సెట్టింగ్స్‌లో ఆ వైఫై పేరు మీద నొక్కి "ప్రైవేట్" చేయండి, ఆ ఫోల్డర్‌ను షేర్ చేశారో లేదో కూడా చూడండి. పాస్‌వర్డ్ అడగడం మాత్రం తీసేయొద్దు.

రికార్డర్ సంగతి, కెమెరాలు బిగించినవాళ్లు దానికి పాత వరస అడ్రస్ చేత్తో వేసి ఉంటారు, 192.168.0 తో మొదలయ్యేది. పాత వీధి మాయమైనా అది ఆ అడ్రస్‌తోనే కూర్చుంది. నెట్‌వర్క్‌లోంచి దాన్ని అందుకోవడం కష్టం. దానికే మానిటర్, మౌస్ తగిలించి, నెట్‌వర్క్ మెనూలో అడ్రస్ 192.168.1.240, గేట్‌వే (బయటికి వెళ్లే దారి, అంటే కింది రౌటర్) 192.168.1.1 ఇవ్వండి. డీఎన్‌ఎస్ (సైట్ల పేర్లకు అడ్రస్‌లు వెతికిపెట్టేది) గడిలో పాత 192.168.0.1 ఉంటే అదీ మార్చండి, లేకపోతే ఇంట్లో కనిపించినా బయట ఉన్నప్పుడు ఫోన్‌లో రాకపోవచ్చు.

శుభలేఖల_షాపు:

ఫోల్డర్ తెరుచుకుంది సార్, మీరన్నట్టు అప్పటిదాకా "పబ్లిక్"లోనే ఉండింది. రికార్డర్‌కు మానిటర్ లేదు, షాపుది పైకి మోయాలి. రేపు ఆదివారం మధ్యాహ్నం గిరాకీ తగ్గాక ఆయనతో మోయిస్తాను.