నిలబడే మడత పుస్తకంలో జిగురు ఉండొచ్చా?

నీలిసిరా
ఆర్టిస్ట్ బుక్స్ (పుస్తకాన్నే కళాకృతిగా మలిచినవి) చేసేవాళ్లలో ఎప్పటికీ తెగని ప్రశ్న ఇది. బల్ల మీద శిల్పంలా నిలబెట్టే మడత పుస్తకం, అది అకార్డియన్ (ముందుకీ వెనక్కీ మడిచిన పొడవాటి పట్టీ) అయినా స్టార్ బుక్ (తెరిస్తే నక్షత్రంలా విచ్చుకునేది) అయినా, మడతల బలం మీదే నిలబడాలా, లేక జిగురు వాడొచ్చా?

వాడకూడదని నా వాదన. జిగురంటే తడి. తడి తగిలిన కాగితం గ్రెయిన్‌కి (పీచు పరుచుకున్న దిశకి) అడ్డంగా సాగుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. 170 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 170 గ్రాముల) కాగితంలో ఒక పలకకు (రెండు మడతల మధ్య భాగానికి) జిగురు పెట్టి పక్క పలకను వదిలేస్తే మొదటిది విల్లులా వంగుతుంది, వరస మొత్తం ఒక పక్కకి ఒరిగిపోతుంది. పైగా గట్టిపడిన జిగురు అంచు మడతను ఆనుకుని ఉంటే, తెరిచి మూసిన ప్రతిసారీ కాగితం సరిగ్గా ఆ అంచు దగ్గరే నలిగి చివరికి చిట్లుతుంది. పుస్తక కళాకారిణి హెడీ కైల్ రూపొందించిన బ్లిజర్డ్ బుక్ చూడండి. ఒకే పొడవాటి పట్టీ, మడతల్లోనే జేబులు, చుక్క జిగురు లేదు. విప్పితే మళ్లీ పట్టీయే. మరమ్మతు చేయాలన్నా, కొత్తగా ప్రింట్ వేయాలన్నా చిక్కు ఉండదు.

నిలబడకపోవడానికి అసలు కారణం చాలాసార్లు మడవడంలోనే ఉంటుంది. 800 మి.మీ. పట్టీలో 8 పలకలు కావాలంటే స్కేలు పెట్టి 100కి ఒక గీత గీయకండి, ఒక్కో గీతలో అర మి.మీ. తేడా వచ్చినా చివరికి 3, 4 మి.మీ. తేలుతుంది. సగానికి మడిచి, ఒక్కో సగాన్ని మళ్లీ నడిమి మడత దాకా తెచ్చి మడవాలి, అలా వచ్చిన నాలుగు పలకల్నీ మళ్లీ సగానికి మడవాలి. ఎనిమిది పలకలు వచ్చాక ఎత్తు మడత, లోతు మడత వరసగా మార్చుకుంటూ బోన్ ఫోల్డర్‌తో (మడత నొక్కే చదునైన పనిముట్టుతో) నొక్కాలి. పై, కింది అంచులు మడిచిన తర్వాతే కోయాలి.

అట్టబైండు
నీలిసిరా గారూ, మడిచే పద్ధతి మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఒకే పట్టీ అన్నప్పుడు గ్రెయిన్ సంగతి వదిలేశారు. 23×36 అంగుళాల షీటు లాంగ్ గ్రెయిన్‌ది తెచ్చి 36 వైపు పొడవు పట్టీ తీస్తే, మడతలన్నీ గ్రెయిన్‌కి అడ్డం పడతాయి. 200 జీఎస్‌ఎం ఐవరీ బోర్డు మీద ముదురు రంగు ప్రింట్ చేసి అలా మడిచారంటే ప్రతి మడత మీదా తెల్లటి పగులు గీత. ముందు క్రీజింగ్ (మడత గీత మీద నొక్కి గాడి చేయడం) చేయించినా తగ్గుతుందే గానీ పోదు. (గ్రెయిన్ తెలియకపోతే 10 సెం.మీ. చదరం ముక్క ఒక వైపు తడపండి. అది గొట్టంలా చుట్టుకుంటుంది, గొట్టం పొడవు ఎటు ఉంటే గ్రెయిన్ అటు.)

అదే షీటులో 23 అంగుళాల వైపు పట్టీ తీస్తే మడత గ్రెయిన్ వెంట పడుతుంది, పొడవే చాలదు. 23 అంగుళాలంటే 584 మి.మీ. 110 మి.మీ. పలకలు ఐదు, అతుక్కి 10 మి.మీ. అంచు, మొత్తం 560. అలాంటివి రెండు అతికితే పది పలకలు, 1,100 మి.మీ. అతుకు పలక మధ్యలోకి రాకూడదు. ఆ 10 మి.మీ. అంచును మడత దగ్గరే మడిచి, పక్క పలక వెనక్కి పంపి అంటించాలి. ముందు నుంచి చూస్తే అది మామూలు మడతే.

పొడవాటి పుస్తకం అతుకు లేకుండా రాదు. 1913లో కవి సాండ్రార్, చిత్రకారిణి సోనియా డెలోనే కలిసి తెచ్చిన ట్రాన్స్‌సైబీరియన్ కవితా పుస్తకం దాదాపు 2 మీటర్ల పొడవు, నాలుగు షీట్లు అతికినదే. 150 ప్రతులు నిలువునా పేరిస్తే ఈఫిల్ టవర్ ఎత్తు రావాలని వాళ్ల ఊహ. జిగురు లేకపోతే ఆ ఊహే లేదు.

ఇక ఫ్లాగ్ బుక్, అంటే అకార్డియన్ వెన్నుకు చిన్న కాగితాలు జెండాల్లా అంటించిన పుస్తకం. అదీ హెడీ కైల్‌దే, 1979లో. వెన్ను అకార్డియన్: 180 మి.మీ. ఎత్తు, 25 మి.మీ. మడతలు, నాలుగు ఎత్తు మడతలు. ఒక్కో ఎత్తు మడతకు మూడు జెండాలు, 57 మి.మీ. ఎత్తువి, మధ్యన 3 మి.మీ. ఖాళీ. పైదీ కిందిదీ మడతకు ఎడమ ముఖానికి, నడిమిది కుడి ముఖానికి అంటాలి. తెరవగానే నడిమి వరస ఎదురు దిశలో పరుగెత్తడానికి కారణం అదే. ఖాళీ ఉంచకపోతే జెండాలు ఒకదానికొకటి తగులుకుని చిరుగుతాయి. పన్నెండు జెండాలనీ ఏ మడత పట్టుకుంటుందో చెప్పండి.

వెదురుపుల్ల
జిగురు వద్దనేవారికి ఒక్క మాట. జపాన్ ఒరిగామి కళాకారుడు అకీరా యోషిజావా ప్రచారంలోకి తెచ్చిన తడి మడతలో నీళ్లు తప్ప ఏమీ వాడరంటారు. కానీ అక్కడ పనిచేసేది కాగితంలో ముందే ఉన్న సైజింగ్ (తయారీలో పట్టించే జిగురు లాంటి పదార్థం). తడికి అది మెత్తబడుతుంది, ఆరాక గట్టిపడి వంపును పట్టి ఉంచుతుంది. సైజింగ్ లేని చేతి కాగితాన్ని తడిపి మడిస్తే ఆరాక చతికిలపడుతుంది. అలాంటి కాగితానికి పల్చటి మిథైల్ సెల్యులోజ్ (నీళ్లలో కరిగే జిగురు) పూత వేసుకుని మడవాల్సిందే. మరి అదీ బంధకమే కదా?

మన కడితం కూడా అంతే. గుడ్డకు చింతగింజల జిగురులో కలిపిన బొగ్గుపొడి పూత పట్టించి, ఆరాక అకార్డియన్‌లా మడిచి లెక్కలు రాసుకునేవారు. బలపంతో రాసి, తుడిచి, మళ్లీ రాసేవారు. మడత విరగకుండా కాపాడేది గుడ్డ నూలు, బిగువు ఇచ్చేది జిగురు. అందుకే జిగురు ఉందా లేదా అన్నదానికన్నా అది కదిలే చోట ఉందా, కదలని చోట ఉందా అన్నది చూడాలంటాను.

నీలిసిరా
వెదురుపుల్ల గారి మాటలో నిజముంది, కాగితం లోపలి బంధకం గురించి నేను వాదించను. ఫ్లాగ్ బుక్ కూడా ఒప్పుకుంటాను. స్టార్ బుక్ దగ్గర మాత్రం ఒప్పుకోను. ఐదు మొనల నక్షత్రంలో మూడు పొరలు: లోపలి పలకలు 70 మి.మీ., నడిమివి 90, బయటివి 110. ఒక్కోదాంట్లో పది పలకలు. చాలామంది మూడింటినీ మొనల మడతల దగ్గర జిగురుతో అంటిస్తారు. అక్కడే పుస్తకమంతా వంగేది! నాలుగు రంధ్రాలు పొడిచి మైనం పట్టిన నార దారంతో కుడితే ఆ చోటు మెత్తగా ఉంటుంది, వద్దనుకుంటే విప్పొచ్చు.

అదీగాక మన వాతావరణం చూడండి. డబుల్ టేప్ ఎండాకాలంలో జారి అంచుల్లోంచి బయటికొస్తుంది, ఆ జిడ్డుకు దుమ్ము పడుతుంది. మైదా జిగురుకు వానాకాలంలో బూజు, ఏడాది పొడుగునా పురుగు. పురుగుకని మైలతుత్తం కలిపితే అందులోని రాగి కాగితాన్నే తినేస్తుంది.

అట్టబైండు
స్టార్ బుక్ కుట్టాలన్నది సరే, నేనూ అదే చెబుతాను. మైలతుత్తం మీదా మీ మాటే నా మాట. కానీ మైదా చెడ్డదైతే అన్ని జిగుళ్లూ చెడ్డవి కావు. బైండింగ్‌కని అమ్మే పీవీఏను (తెల్ల జిగురును) మిథైల్ సెల్యులోజ్‌తో సగం సగం కలిపితే మెల్లగా ఆరుతుంది, సరిచేసుకునే సమయం దొరుకుతుంది. చెక్కపని జిగురు మాత్రం ముట్టొద్దు, ఆరితే గాజులా బిరుసెక్కుతుంది.

కాగితం వంగిపోయేది ఎక్కువగా జిగురు మందం వల్లే. అంటించే 10 మి.మీ. మాత్రం వదిలి మిగతాది పాత కాగితంతో కప్పాలి. బ్రష్ దాదాపు పొడిగా ఉండాలి, లోపలి నుంచి అంచు వైపే లాగాలి, ఎదురు లాగితే అంచు కిందికి దిగుతుంది. మడత గీతకు 1 మి.మీ. ఇవతలే ఆపండి, మీరు భయపడే చిట్లుడు రాదు. వెంటనే మైనపు కాగితం, బ్లాటింగ్ పేపర్, పైన బరువు. రాత్రంతా ఉంచాలి. గంటలో తీసేసి ఫ్యాన్ కింద పెడితే మాత్రం వంకర ఖాయం.

నీలిసిరా
ఆ 1 మి.మీ. సంగతి అందరూ రాసిపెట్టుకోవాలి. అయినా రెండు పట్టీలు కలపడానికి నా ఓటు చీలికకే. పట్టీ ఎత్తు 150 అయితే పలక చివర, మడతకు 5 మి.మీ. లోపల, నిలువుగా రెండు చీలికలు, ఒక్కోటి 30 మి.మీ. రెండో పట్టీకి 12 మి.మీ. పొడవు, 29 మి.మీ. వెడల్పు నాలుకలు రెండు. వాటిని దూర్చి వెనక్కి మడవాలి.

వెదురుపుల్ల
120 జీఎస్‌ఎం దాకా అది నిలుస్తుంది. అంతకన్నా మందమైతే నాలుక ఉబ్బు వల్ల మూసినప్పుడు ఆ ఒక్క పలక పైకి లేస్తుంది. చీలిక రెండు కొసల్లోనూ 1.5 మి.మీ. గుండ్రటి రంధ్రం తప్పకుండా కొట్టండి, లేకపోతే చిరుగు అక్కణ్నించే మొదలై మడత దాకా పాకుతుంది. మియురా మడతలో (ఒక్క లాగుతో షీటంతా తెరుచుకునే జపనీస్ మడతలో) గీతలు కలిసే బిందువుల దగ్గరా ఇదే ఉపాయం. అక్కడ నాలుగు ముఖాలు ఒకేసారి లాగుతాయి కాబట్టి, మందం కాగితమైతే ముందే రంధ్రాలు కొట్టి ఆ తర్వాతే మడవాలి.