ఎన్‌బీఏ అటైన్‌మెంట్ లెక్కలో పిల్లలకు వచ్చిందెంతో తెలుస్తుందా?

కొలబద్ద:
ఇంజనీరింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే ఎన్‌బీఏ (నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్) ద్వారా 2014 జూన్‌లో మన దేశానికి వాషింగ్టన్ అకార్డ్‌లో, అంటే ఇంజనీరింగ్ చదువులను దేశాలు పరస్పరం గుర్తించుకునే ఒప్పందంలో, శాశ్వత సభ్యత్వం వచ్చింది. ఇంజనీరింగ్‌లో మనం ఏం చెప్పామన్నది కాదు, పిల్లలకు ఏం వచ్చిందన్నదే చూడాలన్నది దాని సారం. మంచిదే. అఫిలియేటెడ్ కాలేజీలో ఈ అటైన్‌మెంట్ (పిల్లలు ఎంత సాధించారన్న) లెక్క ఎలా నడుస్తోందో చూడండి. సబ్జెక్టుకు ఐదు సీఓలు (కోర్స్ అవుట్‌కమ్‌లు, అంటే అది చదివాక పిల్లలకు రావాల్సినవి). మిడ్‌లకు (కాలేజీ పెట్టే మధ్యంతర పరీక్షలకు) 30 శాతం, యూనివర్సిటీ పరీక్షకు 70 శాతం వెయిటేజీ అనుకుందాం. యూనివర్సిటీ నుంచి ప్రశ్నలవారీ మార్కులు రావు. ఎంత శాతం పిల్లలు అనుకున్న మార్కులు దాటారన్నదాన్ని బట్టి లెవెల్ ఇస్తారు, 3 అన్నిటికన్నా పైది. అందుకని మొత్తం మార్కులతో వచ్చిన లెవెల్ 3నే ఐదింటికీ వేసేస్తారు. బెండింగ్ మొమెంట్ డయాగ్రమ్ ఉన్న సీఓ2కి మిడ్‌లో సున్నా వచ్చినా 0.7×3 = 2.1. టార్గెట్ 2. సాధించినట్టే! క్లాసులో ఆ డయాగ్రమ్ గీయగలిగినవాళ్లు పట్టుమని పదిమంది ఉండరు.

సివిల్‌శాఖ:
70 ఎక్కడిదండీ? మా దగ్గర 60:40.

కొలబద్ద:
60 పెట్టండి. 0.6×3 = 1.8. మిడ్‌లో లెవెల్ 1 వస్తే చాలు, 0.4×1 కలిపి 2.2. ఏం మారింది?

సివిల్‌శాఖ:
వెయిటేజీ ఎవరి రెగ్యులేషన్ వాళ్లది. ఎన్‌బీఏ ఇంతే పెట్టమనలేదు. అది తెలియకుండా దాన్ని తిట్టడం సరికాదు.

పాత‌బ్యాచ్:
ఈ గుర్తింపుంటే విదేశంలో లైసెన్స్ వచ్చేస్తుందా?

మిడ్‌పేపర్:
రాదండీ. డిగ్రీ చదువు సమానమని ఒప్పుకుంటారంతే, లైసెన్స్ పరీక్ష, అనుభవం వేరే. పైగా అకార్డ్ వర్తించేది టియర్-1 ప్రోగ్రామ్‌లకే, అంటే సిలబస్, పరీక్షలు సొంతంగా పెట్టుకునే సంస్థలవాటికే. అఫిలియేటెడ్ కాలేజీలు టియర్-2లోకి వస్తాయి.
మిడ్ లెక్కలోనూ ఒక లొసుగుంది. 'ఇది లేదా అది' ప్రశ్నల్లో రెండూ ఒకే సీఓవి కావాలి. వేర్వేరు సీఓలవైతే కష్టమైనదాన్ని వెనకబడ్డ పిల్లలు వదిలేస్తారు. రాసినవాళ్లనే లెక్కిస్తే 60 మందిలో 15 మంది రాసి 12 మంది దాటినా 80 శాతం, లెవెల్ 3.

కొలబద్ద:
సరిగ్గా చెప్పారు. ఈ షీట్లు నింపడానికే సెమిస్టర్ చివర రెండు వారాలు పోతున్నాయి. ల్యాబ్ రికార్డులు దిద్దేదెప్పుడు?

సివిల్‌శాఖ:
షీట్ మీద ఏడుపెందుకు? పేపర్ ఇచ్చే రోజే ప్రతి ప్రశ్నకూ సీఓ నంబరు వేసుకుంటే, మార్కులు ఎక్కించగానే లెక్క దానంతటదే వస్తుంది. మీరు చివర్లో కూర్చుంటున్నారు, అదీ సంగతి.

కొలబద్ద:
మాట జాగ్రత్త. మిడ్‌లో ఎంత కచ్చితంగా కొలిచినా యూనివర్సిటీ అంకె దాన్ని మింగేస్తోందనే కదా నేను మొదటినుంచీ మొత్తుకుంటున్నది! సిలబస్ మార్చే హక్కు మాకు లేదు, పేపర్ మాది కాదు. సీఓ2 తగ్గిందని తెలిసినా వచ్చే ఏడాది రెండు ట్యుటోరియల్ క్లాసులు కలపడం తప్ప ఏం చేయగలం? పాఠం చెప్పినవాళ్లకే పేపరూ దిద్దడమూ ఇవ్వండి.

సివిల్‌శాఖ:
అసలు విషయం ఇప్పుడొచ్చింది. నేను ఒప్పుకోనిది అదే. చెప్పినవాళ్లే దిద్దితే ప్రతి సీఓకీ 3 పడుతుంది. బయటి పరీక్ష మొద్దుగా కొలుస్తుందేమో గానీ, కాలేజీ మాట వినదు.

మిడ్‌పేపర్:
పేపర్ బయటివాళ్లే ఇచ్చి, బయటివాళ్లే దిద్ది, ప్రశ్నలవారీ మార్కులు కాలేజీకి పంపొచ్చుగా? కంప్యూటర్ మీద దిద్దించే చోట ఆ మార్కులు ఎలాగూ సర్వర్‌లో ఉంటాయి.

సివిల్‌శాఖ:
అలా పంపితే నాకు అభ్యంతరం లేదు.

కొలబద్ద:
పంపమనండి ముందు. సిలబస్ సంగతి మాత్రం నేను వదలను.